డి-డైమర్ 540 వచ్చింది, కాలికి స్కాన్ రాయాలా?

ప్రశ్న: పేషెంటుకు 58 ఏళ్లు. నాలుగు రోజులుగా ఎడమ పిక్క వాపు, నొప్పి. ఆపరేషన్, క్యాన్సర్, మంచం పట్టడం ఏవీ లేవు. ఆయాసం లేదు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని చేయించిన డి-డైమర్ రక్తపరీక్ష 540, ల్యాబ్ పరిమితి 500. సిరల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ రాయాలా?

జవాబు: గడ్డ ఉండే అవకాశాన్ని పాయింట్లలో లెక్కగట్టే వెల్స్ స్కోరు వెయ్యకుండానే రక్తం తీసినట్టున్నారు డాక్టర్ గారూ. ముందు టేపు పట్టండి. మోకాలిచిప్ప కింద ముందువైపు చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెం.మీ. కిందికి పెన్నుతో గీత పెట్టి, రెండు పిక్కల చుట్టుకొలతా అక్కడే తీయండి. 3 సెం.మీ. తేడా ఉంటే ఒక పాయింటు. పాదం పైకి వంచి చూసే హోమన్స్ పరీక్ష జోలికి పోకండి, దానితో తేలేదేమీ లేదు.

ఇంకో జవాబు: యూనిట్ కూడా చూడండి, ల్యాబులు ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు వాడతాయి. ఎఫ్‌ఈయూ లెక్కలో (నానోగ్రాములు/మి.లీ.) 50 ఏళ్లు దాటినవారికి వయసు × 10 పరిమితిగా పెట్టుకోవచ్చు. ఈయనకు 580. స్కోరు 1 దాటకపోతే 540 నెగటివ్ కిందే లెక్క. డీడీయూ అయితే అదే 540 రమారమి 1080కి సమానం, అప్పుడు పాజిటివే. పరిమితి 500 అన్నారు కాబట్టి ఎఫ్‌ఈయూ అయ్యుండాలి. డీడీయూ కిట్లకు 250 దగ్గర ఉంటుంది.

ప్రశ్న: ఎఫ్‌ఈయూనే. తేడా 3.5 సెం.మీ. వచ్చింది. నొక్కితే ఎడమ కాలికే గుంట పడుతోంది. ఎరుపు, జ్వరం లేవు. స్కాన్ రేపటికి గానీ దొరకదు.

జవాబు: అయితే చుట్టుకొలత తేడాకు ఒకటి, గుంటకు ఒకటి, స్కోరు 2. వాపుకు వేరే కారణం అంతే గట్టిగా కనిపిస్తే మైనస్ 2 వెయ్యాలి, ఇక్కడ అలాంటిది కనబడట్లేదు. స్కోరు 2 అంటే గడ్డ అనుమానం బలమైనదే, ఇక డి-డైమర్ 200 ఉన్నా స్కాన్ తప్పదు. నాలుగు గంటల్లో స్కాన్ కాకపోతే, రక్తస్రావం భయం లేదని చూసుకుని రక్తం పలచబరిచే మందు ఇప్పుడే మొదలుపెట్టండి. ప్లేట్‌లెట్లు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌కు రక్తం పంపండి, రిపోర్టు కోసం మాత్రం ఆగకండి. ఆ మందు అపిక్సబాన్ అయితే 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 రోజులు. తర్వాత 5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. కిడ్నీ జబ్బు ఉందని ముందే తెలిస్తే మందు ఎంపిక మారుతుంది.

తొడ, మోకాలి వెనక సిరలు మాత్రమే చూసి నార్మల్ అన్నారంటే మందు ఆపి, 6–8 రోజులకు మళ్లీ స్కాన్ చేయించండి. ఆ స్కాన్‌లో కనబడని పిక్క గడ్డ పైకి పాకితే ఎక్కువగా ఆ వ్యవధిలోనే.

ఈలోగా ఆయాసం, ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గితే రక్తం, వీటిలో ఏది వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే. ఆక్సిమీటర్ 97 చూపిస్తోందని ఊపిరితిత్తుల్లో గడ్డ లేదనుకోవద్దు. నాడి 100 దాటిందేమో కూడా చూడండి.