స్లావిక్ వ్యాస బహుమతి: పొరుగు భాష రాకుండా పొరుగువాళ్ల గురించి రాయొచ్చా?

శ్రీకాకుళం అమ్మాయి:
నేను యూరప్‌లో ఒక యూనివర్సిటీలో రష్యన్ సాహిత్యం చదువుతున్నాను. స్లావిక్ సంస్కృతులు (రష్యన్, పోలిష్, చెక్ లాంటి భాషలవాళ్లవి), వాటి ఇరుగుపొరుగు సంస్కృతులు చదివే విద్యార్థులకు ఇక్కడ ఏటా ఒక వ్యాస బహుమతి ఇస్తారు. ఈసారి చింగీజ్ ఐత్మాతోవ్ 'జమీల్యా' (1958) మీద రాసి పంపాను. ఆయన మధ్య ఆసియాలోని కిర్గిజ్‌స్తాన్‌కు చెందిన కిర్గిజ్ రచయిత. ఆ కథను ముందు కిర్గిజ్‌లోనే రాశారు. నేను చదివింది రష్యన్‌లో. 'మూలభాషలో చదవలేదు కాబట్టి పరిశీలించలేదు' అని కమిటీ ఒక్క ముక్కలో తేల్చేసింది.

నా వ్యాసమంతా ఒక్క పిలుపు గురించి. కథ చెప్పే కుర్రాడు సయీత్, జమీల్యాను 'జెనే' అంటాడు. అన్న భార్యను అలా పిలుస్తారు. ఆమె భర్త ఇతనికి అన్న వరస. రష్యన్‌లో 'నెవేస్త్కా' అంటే కోడలూ కావచ్చు, సోదరుడి భార్యా కావచ్చు. ఇంగ్లీషులో వదినకీ మరదలికీ ఆడపడుచుకీ కలిపి ఒకటే మాట. నాకు మాత్రం జెనే అని చదవగానే వదిన అని వినిపించింది. వదిన దగ్గర మరిదికి ఉండే చనువు తెలిసినవాళ్లకి, జమీల్యా తను ప్రేమించిన దనియార్‌తో వెళ్లిపోతుంటే చూసి కూడా సయీత్ ఇంట్లో ఎందుకు చెప్పలేదో, దానికి వాడు ఎంత మాట పడాలో వేరే చెప్పక్కర్లేదు. అదే రాశాను.

మా దగ్గర కిర్గిజ్ నేర్పేవాళ్లే లేరు. నేర్పని భాష రాలేదని పక్కన పెట్టడం న్యాయమేనా?

రష్యన్ మాస్టారు:
అమ్మా, నువ్వు రాసింది బాగుంది. అయినా నేను కమిటీ వైపే ఉంటాను. ఏళ్లుగా రష్యన్ పాఠాలు చెబుతున్నాను, అనువాదం ఎక్కడ మోసం చేస్తుందో రోజూ చూస్తున్నాను. అదే కథలో జమీల్యా సయీత్‌ను 'కిచినే బాల' అంటుంది, చిన్న పిల్లాడా అని. తెలుగువాడు చూడగానే 'అరే, మన బాల!' అంటాడు. కిర్గిజ్ తుర్కిక్ కుటుంబానికి, అంటే టర్కీ భాష ఉన్న కుటుంబానికి చెందిన భాష; మన బాల సంస్కృతం నుంచి వచ్చింది. శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలిపేయకూడదు. బాల విషయంలో పొరపాటు పడేవాడు జెనే విషయంలో పడడని ఏమిటి నమ్మకం? నీకు కనిపించింది కిర్గిజ్ వదినా, శ్రీకాకుళం వదినా?

ఢిల్లీలో చదివినవాడు:
మాస్టారూ, ఆ లెక్కన పొరుగు సంస్కృతుల మీద డిగ్రీ విద్యార్థి ఎవరూ కలం పట్టలేడు. ఢిల్లీ యూనివర్సిటీలో ఉన్న శాఖ పేరే స్లావిక్, ఫిన్నో-ఉగ్రియన్ (ఫిన్నిష్, హంగేరియన్ లాంటి భాషల కుటుంబం) అధ్యయనాల శాఖ. రష్యన్, పోలిష్, చెక్, బల్గేరియన్ పక్కనే హంగేరియన్ కూడా చెబుతారు. హంగేరియన్‌కీ స్లావిక్ భాషలకీ చుట్టరికం లేదు, వందల ఏళ్ల సహవాసం ఉంది. 1915లో లండన్‌లో స్లావిక్ అధ్యయనాల స్కూల్ మొదలైనప్పుడు చెక్ నాయకుడు మసారిక్ ఇచ్చిన ప్రారంభ ఉపన్యాసం కూడా యూరప్ సంక్షోభంలో చిన్న జాతుల సమస్య గురించే. ఈ చదువు పుట్టినప్పటి నుంచీ చిన్నవాళ్ల సంగతి అందులో ఉంది. ఇప్పుడు వాళ్లను బోర్డు మీద పేరుకే ఉంచుతామంటే నేను ఒప్పుకోను.

పాత పుస్తకాల పాఠకుడు:
మా ఇంట్లో మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఒక అలమారా నిండా ఉండేవి. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటి వాళ్లు మాస్కోలో ఉండి తెలుగు చేసినవి. ఐత్మాతోవ్‌నీ అలాగే చదివాను. కానీ మేం అన్నింటినీ 'రష్యా పుస్తకాలు' అనేవాళ్లం. ఆయన కిర్గిజ్ అనీ, గోగోల్ పుట్టింది ఉక్రెయిన్‌లో అనీ పెద్దయ్యాకే తెలిసింది. 1876లో జార్ ప్రభుత్వం ఉక్రేనియన్‌లో పుస్తకాలు అచ్చు వేయడాన్నే దాదాపుగా నిషేధించిందని తెలిసిన రోజు చాలాసేపు మనసు బాగోలేదు. ఒక భాష నోరు నొక్కి, ఇంకో భాషలో వచ్చిందే మనకు అందింది.

అందుకే అమ్మాయ్, నాకు నీ మీద జాలి ఉన్నా ఒక ప్రశ్న ఉంది. కిర్గిజ్ కథను రష్యన్‌లోనే చదివి అదే చాలంటే, మా చిన్నప్పటి పొరపాటే మళ్లీ జరుగుతున్నట్టు కాదా?

శ్రీకాకుళం అమ్మాయి:
మీ ప్రశ్న గట్టిగా తగిలింది అంకుల్. రాత్రంతా దాని గురించే ఆలోచించాను. పిలుపుల గురించి రాసేటప్పుడు కిర్గిజ్ ప్రతి చూడాల్సిందే. రష్యన్ ప్రతిలో 'జెనే' అలాగే ఉంచారు కాబట్టి నాకు దొరికింది. ఉంచని పిలుపులు ఇంకెన్ని ఉన్నాయో రష్యన్ చదివిన నాకు తెలిసే దారి లేదు. ఆ మేరకు తప్పు నాదే.

కానీ అన్ని వ్యాసాలకీ ఒకే కొలత ఏమిటి? ఐత్మాతోవ్ 1980లో తెచ్చిన నవలను నేరుగా రష్యన్‌లోనే రాశారు. జ్ఞాపకం పోగొట్టుకున్న బానిస 'మాన్‌కుర్త్' అనే మాట జనం నోళ్లలో పడింది ఆ నవలతోనే. దాని మీద రాసేవాళ్లకి రష్యన్ వస్తే కమిటీ నియమం ప్రకారం సరిపోతుంది. ఎవరు ఏం నిరూపిస్తామంటున్నారో చూసి, దానికి ఏ భాష కావాలో అడగాలి.

రష్యన్ మాస్టారు:
ఇది ఒప్పుకుంటాను. మాన్‌కుర్త్ వెనకున్న కిర్గిజ్ గాథల గురించి రాస్తే మాత్రం మళ్లీ కిర్గిజ్ కావాలంటాను, కోపం తెచ్చుకోకు.

ఢిల్లీలో చదివినవాడు:
అప్పుడు కమిటీ కూడా ఒక పని చెయ్యాలి. పొరుగు భాష మీద వ్యాసం వస్తే, ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరితోనైనా, వేరే ఊరి నుంచైనా చదివించాలి. కమిటీలో ఎవరికీ కిర్గిజ్ రాకపోతే, ఈ అమ్మాయి చూసింది తప్పో ఒప్పో వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

రష్యన్ మాస్టారు:
కమిటీలో ఎవరికీ రాదా అమ్మా?

శ్రీకాకుళం అమ్మాయి:
రాదండీ. అడిగి తెలుసుకున్నాను.

రష్యన్ మాస్టారు:
అయితే వాళ్లు చదవకుండా పక్కన పెట్టింది తప్పే. బయటివాళ్లకు పంపాల్సింది. నువ్వు ఒక కిర్గిజ్ ప్రతి సంపాదించు. సయీత్, జమీల్యా ఒకరినొకరు పిలిచే ప్రతి చోటూ రెండు ప్రతుల్లో పక్కపక్కన పెట్టి చూడు. జెనే ఎక్కడ ఉంది, ఎక్కడ పోయింది, దాని బదులు ఏం వచ్చింది. రష్యన్ వైపు సందేహాలుంటే నాకు రాయి, చూసి పెడతాను.