డీఎల్-103కి అల్యూమినియం బాడీ: ఎస్ఎల్-1200 ఆర్మ్ మోస్తుందా?

అమలాపురం_ఎల్పీ
నమస్కారమండి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్) మీద డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివరుండే సూది, కాయిల్ ఉన్న భాగం) వాడుతున్నాను. ప్లాస్టిక్ బాడీ తీసేసి అల్యూమినియం బాడీలో పెట్టాలని ఉంది. పెట్టాక కార్ట్రిడ్జ్ బరువు 14 గ్రాములట. టేకు బాడీ సగం ధరకే వస్తోంది. ఏది తీసుకోమంటారు? విప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

రాజమండ్రి_రికార్డులు
బాడీ కొనేముందు తూకం సంగతి తేల్చుకోండి. ఎంకే2లో ఆర్మ్ వెనక అదనపు బరువు బిగించినా, హెడ్‌షెల్‌తో (కార్ట్రిడ్జ్ బిగించే ముందు ముక్క) కలిపి 20.5 గ్రాముల దాకానే బ్యాలెన్స్ అవుతుంది. హెడ్‌షెల్ 7.5, కార్ట్రిడ్జ్ 14, స్క్రూలూ నట్లూ ఓ గ్రాము వేసుకుంటే 22.5 అవుతోంది. తూగదు. హెడ్‌షెల్ తేలికది వేయాలి, లేదా ఆ అదనపు బరువునే కాస్త పెద్దగా ఇత్తడితో లేత్ మీద తీయించుకోవాలి. రెండోదే నయం, ఎందుకంటే ఈ కార్ట్రిడ్జ్‌లో సూదిని కదలనిచ్చే రబ్బరు (సస్పెన్షన్) బిరుసు, దానికి ముందువైపు బరువు ఉండాలి.

లెక్క చూడండి: ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ (రెసొనెన్స్) రావాలంటే 159ని, (మొత్తం బరువు × కంప్లయన్స్) వర్గమూలంతో భాగించాలి. కంప్లయన్స్ అంటే సస్పెన్షన్ ఎంత మెత్తనో చెప్పే అంకె. డెనాన్ చెప్పే 5 అనే కంప్లయన్స్ 100 హెర్ట్జ్ దగ్గరిది, 10 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 అనుకోవచ్చు. ఆర్మ్ కదలికలో లెక్కకొచ్చే బరువు (ఎఫెక్టివ్ మాస్) 12 గ్రాములు, స్క్రూలు ఒక గ్రాము. ఇప్పుడున్న 8.5 గ్రాముల కార్ట్రిడ్జ్‌తో మొత్తం 21.5, రెసొనెన్స్ 11.4 హెర్ట్జ్. 14 గ్రాములైతే 27, అప్పుడు 10.2. ఉండాల్సింది 8–12 మధ్య. అంటే బరువు పెరగడం మీకు లాభమే.

యానాం_స్టీరియో
విప్పడం గురించి. కాయిల్ నుంచి పిన్నులకెళ్ళే తీగలు తలవెంట్రుక కన్నా సన్నం. అందుకని పిన్నులున్న వెనక ముక్కని జనరేటర్ (అయస్కాంతం, కాయిల్, సూది ఉన్న లోపలి భాగం) నుంచి విడదీయకండి, రెండూ కలిసే బయటికి రావాలి. ప్లాస్టిక్‌ని పట్టి లాగొద్దు. అతుకు వెంట కొత్త బ్లేడుతో పైపైన గీస్తూ పోండి, లోతుగా దిగితే తీగ తెగుతుంది. లోపల అయస్కాంతం గట్టిది. ఇనప స్క్రూడ్రైవర్ దగ్గరికి తెస్తే చేతిలోంచి జారి నేరుగా కాంటిలీవర్ (సూదిని మోసే సన్నటి కడ్డీ) మీదికే పోతుంది. ఇత్తడివో ప్లాస్టిక్‌వో పనిముట్లు వాడండి, స్క్రూలు కూడా ఇత్తడివే వేయండి (ఎం2.5).

కొత్త బాడీలో కూర్చోబెట్టాక ఎపాక్సీ గుండుసూది మొనంత చుక్కలు రెండు మూడు చాలు. ఎక్కువైతే సందుల్లోంచి పాకి కాయిల్ దగ్గరున్న రబ్బరుని పట్టేస్తుంది, ఇక ఆ కార్ట్రిడ్జ్ పనికిరాదు. త్వరగా గట్టిపడేది కాకుండా నిదానంగా ఆరేది తీసుకోండి, సరిచేసుకోడానికి వ్యవధి ఉంటుంది. వానాకాలం ముసురులో ఈ పని పెట్టుకోకండి, మన తేమకి ఎపాక్సీ పైన జిగురుజిగురుగా ఉండిపోతుంది.

భీమవరం_మోనో
టేకు వద్దండి. సముద్రం పక్కనున్న ఊళ్ళలో చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. జనరేటర్ పట్టు వదులైతే బాడీ మార్చిన ప్రయోజనమే పోతుంది. డెనాన్ ప్లాస్టిక్‌తో అసలు తగువే అది: పలచన, లోపల ఖాళీ, పట్టు చాలదు. అల్యూమినియంలో గొప్పదనం లోహానిది కాదు, బిగువుది.

ఇంకోటి, సూది ఎంత అరిగిందో ముందు చూపించండి. ఇందులో సూది ఇంట్లో మార్చుకునేది కాదు. రీటిప్ (పాత సూది తీసి కొత్తది అతికించడం) ఎలాగూ చేయించాల్సి ఉంటే, బాడీ కూడా వాళ్ళచేతే మార్పించండి.

అమలాపురం_ఎల్పీ
చాలా థాంక్సండి. అల్యూమినియమే తీసుకుంటాను. బిగించాక హమ్ (స్పీకర్లలో గుయ్యిమనే మోత) వస్తే?

యానాం_స్టీరియో
ముందుగా పిన్ను గానీ తీగ క్లిప్పు గానీ బాడీకి తగులుతోందేమో చూడండి, లోహపు బాడీలో మొదట వచ్చే తంటా అదే. తీగల రంగులు: ఎడమ ఛానెల్‌కి తెలుపు ప్లస్, నీలం మైనస్. కుడికి ఎరుపు ప్లస్, ఆకుపచ్చ మైనస్. కాయిల్ బాగుందో లేదో చూడ్డానికి మల్టీమీటర్ పెట్టకండి, దాని కరెంటు ఆ సన్నటి చుట్టకి మంచిది కాదు. మోనో రికార్డు వేసి రెండు స్పీకర్లూ సమానంగా పలుకుతున్నాయా అని వినండి.

సెట్టింగు మళ్ళీ మొదటినుంచీ చేయాలి: హెడ్‌షెల్ వెనక అంచు నుంచి సూదికి 52 మి.మీ., ట్రాకింగ్ ఫోర్స్ (రికార్డు మీద సూది మోపే బరువు) 2.5 గ్రాములు. బాడీ ఎత్తు మారితే ఆర్మ్ అడుగునున్న రింగు తిప్పండి, 6 మి.మీ. దాకా లేస్తుంది. సూది కింద చిన్న అద్దం ముక్క పెట్టి ఎదురుగా చూడండి, సూదీ దాని నీడా ఒకే గీతలో నిలబడాలి. ఒరిగితే బాడీలో జనరేటర్ వంకరగా కూర్చుందన్నమాట. అందుకే ఎపాక్సీ ఆరకముందే ఈ అద్దం పరీక్ష ఒకసారి చేసుకోండి.