పాప మోకాలి వాపు: టీ కణాల సంగతి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఆరేళ్ల మా పాప పొద్దున మంచం దిగి గోడ పట్టుకుని కుంటుతుంది. పది గంటలు దాటేసరికి వీధిలో తొక్కుడు బిళ్ల ఆడుతుంది. బడి ఎగ్గొట్టే వేషాలని ఇంట్లో పెద్దవాళ్లు కొట్టిపారేశారు. జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అని డాక్టరు గారు తేల్చారు. 16 ఏళ్లలోపు మొదలై, 6 వారాలు దాటినా తగ్గని, కారణం తెలియని కీళ్లవాపుకు ఆ పేరట.

నాకు అర్థమైనంతలో, కీలు లోపలి పొరలోకి టీ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు చేరి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు పెంచే ప్రొటీన్లు వదులుతాయి, వాపు వాటివల్లే. నా సందేహం ఇది: ఈ దూకుడును అదుపు చేయాల్సిన రెగ్యులేటరీ టీ కణాలు వాచిన కీలులోనూ బాగానే ఉంటాయట కదా, మరి అక్కడ ఎందుకు చేతులెత్తేస్తున్నాయి? పాపకు వేస్తున్న మెథోట్రెక్సేట్ మాత్ర వాటికి బలమిస్తుందా, లేక మిగతా కణాల జోరు తగ్గిస్తుందా?

ఇంకొకటి. ఏఎన్‌ఏ (శరీరం తన కణాల కేంద్రకాలపైనే తయారు చేసుకునే యాంటీబాడీల రక్తపరీక్ష) పాజిటివ్ కాబట్టి నొప్పి, ఎరుపు లేకపోయినా కంటి లోపల వాపు రావచ్చని, మూడు నెలలకోసారి సన్నని వెలుగుతో కంటి లోపల చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించమన్నారు. వారానికోసారి వేసే ఆ మాత్ర పడిన మర్నాడు పాపకు ఒకటే వికారం. మీ పిల్లలకు డాక్టర్లు ఏం మార్చి ఇచ్చారు? పసరు వైద్యాలు మాత్రం చెప్పకండి, దండం పెడతాను.