కొత్త మగ ఎలుక వాసనకే గర్భం పోతుంది. ఇది ఆడ ఎలుక ఎత్తుగడా, బోను చేసిన పనా?

మూషికవాహన:
1959లో హిల్డా బ్రూస్ బయటపెట్టిన విషయం ఇది. జతకట్టిన ఆడ చిట్టెలుకను మొదటి నాలుగైదు రోజుల్లో, అంటే పిండం గర్భసంచికి అంటుకోకముందే, తెలియని మగదాని దగ్గర ఉంచితే చాలాసార్లు గర్భం నిలవదు. కొద్ది రోజుల్లోనే మళ్లీ ఎదకొస్తుంది. నన్నడిగితే ఇది ఆడదానికి లాభమే. కొత్త మగది పిల్లల్ని చంపేసే రకం. ఎలాగూ దక్కని పిల్లల్ని మోసి, కని, పాలిచ్చి ఒళ్లు గుల్ల చేసుకోవడం దేనికి?

బోనుబయట:
మీ లెక్క బాగానే ఉంది కానీ, బోనులో ఆడ ఎలుక ఎక్కడికి పోతుందండీ? ఎటు తిరిగినా ఆ మగదాని మూత్రమే ముక్కుకు తగులుతుంది. ప్రెయిరీ వోల్ అనే ఎలుక జాతిలో ల్యాబ్‌లో ఈ ప్రభావం గట్టిగా కనిపించింది. అదే జాతిని ఆరుబయట ఆవరణల్లో వదిలి చూస్తే కనిపించలేదు. 2002 నాటి ప్రయోగం అది.

వాసనపట్టు:
ఇంత పకడ్బందీ ఏర్పాటు ఊరికే వచ్చిందంటే నమ్మలేను. వాసనను ముక్కులోని వొమెరోనేసల్ అవయవం పడుతుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం పెరిగి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. దాంతో అండాశయంలో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారీ ఆగుతుంది, పిండానికి ఆసరా పోతుంది. అసలు విచిత్రం ఏంటంటే, జతకట్టిన కొన్ని గంటల్లోనే ఆడ ఎలుక తన జోడు వాసనను గుర్తుపెట్టుకుంటుంది. ఆ వాసన గర్భాన్ని ఏమీ చేయదు. వృషణాలు తీసేసిన కొత్త మగది కూడా ఏమీ చేయలేదు.

బోనుబయట:
ఏర్పాటు ఉందంటే అది ఆడదాని కోసమే ఉన్నట్టా? గర్భం పోతే వెంటనే జతకట్టేది ఎవరు? ఆ కొత్త మగదే! పైగా మగదాని మూత్రంలో ఎస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉంటుంది. గర్భం మొదటి రోజుల్లో ఆడదాని ఒంట్లో అది కాస్త ఎక్కువైనా పిండం అంటుకోదు. మగదే పని చక్కబెట్టుకుంటోందని ఎందుకనుకోకూడదు?

మూషికవాహన:
మరి ఇథియోపియా గెలాడా కోతుల సంగతేంటి? కొత్త మగది గుంపును చేజిక్కించుకున్నాక సుమారు 80 శాతం గర్భాలు పోయాయని 2012లో తేల్చారు. అక్కడ బోను లేదు కదా.

బోనుబయట:
కోతిని తెచ్చి ఎలుకను గెలిపించకండి సార్ :) గెలాడాల్లో నెలలు నిండుతున్న గర్భం కూడా పోతుంది. చిట్టెలుకకు పిండం అంటుకున్నాక ఈ ప్రభావం దాదాపు ఉండదు. పిల్లలు దక్కరన్న భయమే కారణమైతే ఆరో రోజున ఆ భయం ఏమైనట్టు? తప్పించుకునే దారి ఉంచి, అయినా గర్భం పోయిందని చూపించండి, ఒప్పుకుంటా.