వీపు మీద చెట్టు: జాతి వివక్ష గురించిన రాతల్లో ప్రతీకలు బాధని అందంగా మార్చేస్తాయా?

ప్రశ్న:
టోనీ మారిసన్ నవల ‘బిలవ్డ్’ చదువుతున్నాను. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన సెథె అనే నల్లజాతి స్త్రీ వీపు మీది కొరడా దెబ్బల మచ్చల్ని మాను, కొమ్మలు, ఆకులు, పూతతో సహా చెట్టుగా చెప్పిన చోట ఆగిపోయాను. మనిషిని అంత కిరాతకంగా కొడితే పూచిన చెట్టుతో పోలికేంటి? చదివేవాళ్ళకి తేలిగ్గా ఉంటుందేమో గానీ దెబ్బలు తిన్న మనిషికి న్యాయం జరిగినట్టేనా? అసలు తాతముత్తాతలు పడ్డ హింస మనవల దాకా ఎలా వస్తుందో చెప్పాలంటే ప్రతీకలే ఎందుకు, నేరుగా చెప్పొచ్చు కదా?

జవాబు 1:
ఆ పోలిక ఎవరి నోట వచ్చిందో చూడండి. సెథె తన వీపు తను ఎప్పుడూ చూసుకోలేదు, పారిపోతుంటే దారిలో కలిసిన ‘ఎమీ’ అనే తెల్లపిల్ల అన్న మాటనే పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా చెప్తుంది. ఒకప్పుడు ఆమెతో పాటే బానిసగా ఉన్న పాల్ డి ముందు ఆ మచ్చల్ని శిల్పంలా తడుముతాడు, కాసేపటికే ఇది చెట్టేంటి, చూడలేని మచ్చల గుట్ట అనుకుంటాడు. మారిసన్ పోలికని నిలబెట్టి తనే పడగొట్టింది. మీ అభ్యంతరం కూడా నవల మొదట్లోనే ఉంది: చెట్లకి ఉరివేసిన కుర్రాళ్ళ కంటే ఆ చెట్ల అందమే ముందు గుర్తొస్తోందని సెథె తన జ్ఞాపకాన్ని క్షమించలేకపోతుంది. ఆ పేజీలు ఇంకోసారి చదవండి, దయచేసి.

జవాబు 2:
రెండో ప్రశ్నకి నా మాట. “మా రక్తంలోనే ఆ బాధ ఉంది” అని రాసేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది. ఒక్క చుక్క నల్లరక్తం ఉన్నా తెల్లవాళ్ళు కాదని తేల్చింది జాతి వివక్షే కదా, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1924లో దాన్నే చట్టం చేశారు, 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అక్కడ నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ పెళ్ళి నేరమే. వాళ్ళ లెక్కనే మనం ప్రతీకగా వాడితే ఎలా? ఆగస్ట్ విల్సన్ నాటకం ‘ది పియానో లెసన్’ అందుకే నాకు గొప్పగా అనిపిస్తుంది. అందులో వారసత్వం ఒక వస్తువు. యజమాని తన బానిసలైన ఒక తల్లినీ కొడుకునీ ఇచ్చేసి పియానో తెచ్చుకుంటాడు, ఆ తల్లి భర్త దాని మీద వాళ్ళ ముఖాలు చెక్కుతాడు. 1936లో పిట్స్‌బర్గ్‌లో వాళ్ళ మునిమనవలు కొట్టుకునేది దాని కోసమే: పూర్వీకులు బానిసలుగా దున్నిన భూమి కొనడానికి అమ్మేద్దామంటాడు తమ్ముడు, ససేమిరా అంటుంది అక్క. ఆమె దాన్ని వాయించదు కూడా. ఇద్దరి మాటా న్యాయమే, నేరుగా వ్యాసం రాస్తే ఇద్దరిలో ఒకరిని ఒప్పనాల్సి వచ్చేది.

జవాబు 3:
రక్తం గురించి ఒప్పుకుంటా, కానీ వస్తువు ఒక్కటే సరిపోదు. అక్టేవియా బట్లర్ నవల ‘కిండ్రెడ్’ (1979) చూడండి. 1976 నాటి నల్లజాతి రచయిత్రి డేనా వెనక్కి, బానిసత్వ కాలపు మేరీల్యాండ్‌కి లాగబడుతుంది. అక్కడ ఆమె పదే పదే కాపాడాల్సింది ఒక తెల్ల యజమానిని, ఎందుకంటే అతనే ఆమె పూర్వీకుడు, వాడు చస్తే ఆమె వంశమే ఉండదు. చివరికి అతను పట్టుకున్న ఎడమ చెయ్యి పోగొట్టుకుని బయటపడుతుంది. అక్కడ రక్తసంబంధాన్ని దాటేయడం ఎలా కుదురుతుంది? వారసత్వంలో బాధపడ్డవాళ్ళే కాదు, బాధపెట్టినవాడూ ఉన్నాడు.

ప్రశ్న అడిగినవారు:
ఆ పేజీలు మళ్ళీ చదివాను. సెథె సిగ్గుపడే ఆ వాక్యం నేను మొదటిసారి గమనించకుండానే దాటేశాను. చెట్టు మీద నా కోపం పోయింది. విల్సన్ నాటకం మొదలుపెడతాను, అక్క ఎందుకు వాయించదో మాత్రం ఎవరూ చెప్పకండి.