యాక్సిడెంట్ కేసు సెటిలైంది, లాయర్ డబ్బు ఆపారు. తొందరపెట్టొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హెచ్1బీ మీద డల్లాస్ వచ్చి ఎనిమిది నెలలైంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి కారు గుద్దింది. రెండు రోజులు హాస్పిటల్‌లో ఉన్నాను, తర్వాత ఫిజియోథెరపీ. 45 వేల డాలర్లకు సెటిలైంది. మెడికల్ లియన్లు తేలాలి, రెండు నెలలు పడుతుందని లాయర్ అంటున్నారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ వాయిదా వచ్చే నెలే కట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది. నా వాటా ఇచ్చేయమని గట్టిగా అడగొచ్చా?

జవాబు:
తమ్ముడూ, అలా అడగొద్దు. ఆ డబ్బు ఇప్పుడు లాయర్ ట్రస్ట్ అకౌంట్‌లో, అంటే క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ఖాతాలో, ఉండడమే నీకు మంచిది. నీ వైద్యానికి డబ్బు పెట్టినవాళ్లకి సెటిల్‌మెంట్‌లోంచి తిరిగి తీసుకునే హక్కు ఉంటుంది, అదే లియన్. అది తేలకముందే డబ్బంతా ఫ్లాట్‌కి పంపేస్తే, ఆర్నెల్ల తర్వాత కట్టమని ఉత్తరం వచ్చినప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తావు?

ముందు నీ ఇన్సూరెన్స్ ఎలాంటిదో తెలుసుకో. పెద్ద కంపెనీల్లో, కార్డు మీద ఎవరి పేరున్నా, బిల్లులు కట్టేది చాలాసార్లు ఎంప్లాయర్ సొంత డబ్బే. దాన్ని సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అంటారు. దానికి ఎరిసా అనే ఫెడరల్ చట్టం వర్తిస్తుంది, టెక్సస్ చట్టం ఇచ్చే రక్షణ అక్కడ పనిచేయదు. హెచ్‌ఆర్‌ని అడిగి అసలు ప్లాన్ డాక్యుమెంట్ తెప్పించు. లాయర్ ఫీజు సంగతి అందులో ఏమీ రాసి లేకపోతే, ఆ ఫీజులో ప్లాన్ వంతుగా, వాళ్లు అడిగే మొత్తంలోంచి కొంత తగ్గించమని అడగొచ్చు. 2013లో యూఎస్ ఎయిర్‌వేస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది అదే.

ప్లాన్ వాళ్లు పంపే బిల్లుల లిస్టు మాత్రం లైను లైనూ చదువు. నాలుగేళ్ల కిందట మా ఆవిడ కేసులో 14,200 డాలర్లు అడిగారు. రాత్రి డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని, స్కేలు పెట్టి ఒక్కో లైను చూశాం. థైరాయిడ్ టెస్టు, చర్మం డాక్టర్ విజిట్, యాక్సిడెంట్‌కి మూడు వారాల ముందు తీసిన స్కాన్, అన్నీ కలిపేశారు. అవే 2,300 డాలర్లు. వాటిని తీసేయించి, మిగిలినదాంట్లో లాయర్ ఫీజు కింద మూడో వంతు తగ్గించాక ఎనిమిది వేల లోపుకు దిగింది. మనం అడగకపోతే ఎవరూ తగ్గించరు.

హాస్పిటల్ సంగతి వేరు. యాక్సిడెంట్ అయిన 72 గంటల్లోపు చేరినవాళ్ల మీద టెక్సస్‌లో హాస్పిటల్ లియన్ వేయొచ్చు, అది కౌంటీ క్లర్క్ (మన జిల్లా లాంటి కౌంటీలో రికార్డులు ఉంచే అధికారి) దగ్గర రికార్డవుతుంది. నీ పేరు మీద ఏమైనా ఉందేమో లాయర్‌ని చూడమను.

ఇంకొకరు:
అన్నయ్య చెప్పింది నిజం. కారులో మీ అమ్మానాన్నలు కూడా ఉండి, వాళ్లకి మెడికేర్ (పెద్దవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంటే ఇంకా జాగ్రత్త. తాము పెట్టిన డబ్బు తిరిగి కట్టమని మెడికేర్ ఫైనల్ డిమాండ్ లెటర్ పంపాక 60 రోజుల్లో కట్టకపోతే లెటర్ తేదీ నుంచి వడ్డీ లెక్కేస్తారు. విజిటర్ ఇన్సూరెన్స్ అయితే, కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే షరతు పాలసీలో ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. కనీసం కొంతైనా ముందు ఇవ్వమనొచ్చా?

జవాబు:
అది అడగొచ్చు. ఫీజు, ఖర్చులు, వాళ్లు అడిగిన లియన్లు మొత్తం పక్కన పెట్టినా ఇంకా మిగులుతుంటే, కొందరు లాయర్లు ఆ మిగులు ముందే ఇస్తారు. బిల్డర్‌కి ఈరోజే మెయిల్ పెట్టి రెండు నెలల గడువు అడుగు. ప్రతి లియన్‌కీ 'పూర్తిగా తీరింది' అన్న లెటర్ కాపీ అడిగి తీసుకుని నీ దగ్గర పెట్టుకో.