‘టు ద డే’లో ఆ ‘టు’ ఏమిటి?

పాత పంచాంగం: అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ, ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4నే పోయారు కదా. దాని గురించి ఎక్కడో చదివిన ‘ఫిఫ్టీ ఇయర్స్ టు ద డే’ అన్న ముక్క బుర్రలోంచి పోవడం లేదు. ‘సరిగ్గా’ అని సరిపెట్టుకోవచ్చు, కానీ నా పేచీ ఆ ‘టు’తో. ‘వరకు’ అంటే అతకదే?

గోదారి గట్టు: వరకు కాదండీ. ‘టు ద పెన్నీ’ లాంటిదే ఇదీ. పైసాతో సహా లెక్క తేలిందంటాం చూడండి, అలా రోజుతో సహా.

అచ్చుతప్పు: ‘తో సహా’ అంటే ఒకరోజు అదనంగా కలిపినట్టు లేదూ? ‘నేటికి సరిగ్గా యాభై ఏళ్లు’లో ‘కి’ చాలు. ఆ ‘టు’ చేసే పనంతా అదే చేస్తుంది.

గోదారి గట్టు: 1826 కబురు చెబుతూ ‘నేటికి’ ఏమిటి మాస్టారూ?

అచ్చుతప్పు: ‘నాటికి’ అనండి. ‘కి’ ఎక్కడికీ పోలేదుగా.

పాత పంచాంగం: అసలు ఆ యాభై ఏళ్ల లెక్కే చూడండి. 1776లో స్వాతంత్ర్యానికి ఓటేసింది జులై 2న, ప్రకటనను ఆమోదించింది 4న. రాబోయే తరాలు 2నే పండగ చేసుకుంటాయని ఆడమ్స్ భార్యకు ఉత్తరం కూడా రాశాడు. ఆయన లెక్కన రెండ్రోజులు తేడా!

తద్దినం భోక్త: తేదీలు పట్టుకుని ఈ గొడవేమిటి? మనకి ఆబ్దికమైనా తిథికే. తేదీ, తిథి మళ్లీ దాదాపుగా కలవాలంటే 19 ఏళ్లు ఆగాలి. ‘టు ద డే’ మన పంచాంగంలో ఇమడదు.

గోదారి గట్టు: ఎందుకు ఇమడదు? కృష్ణశాస్త్రి గారు పుట్టింది 1897 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956 నవంబరు 1. ఆయనకు సరిగ్గా 59 నిండిన రోజు. మా పిఠాపురం వైపు కవికి రాష్ట్రమే పుట్టినరోజు కానుక!

తద్దినం భోక్త: 59ని 19తో భాగిస్తే రెండు మిగిలింది. తిథి కలవదు.

గోదారి గట్టు: భావకవికి భాగహారం పెడతారా!

అచ్చుతప్పు: ‘59 ఏళ్లకి’. మళ్లీ ‘కి’. గమనించారా?